నీడ తగ్గుతున్నంతసేపూ

"పిల్లలు తమ చేతులతో చేసి నేర్చుకుంటున్నప్పుడు మనం ఎక్కడ కలగజేసుకోవాలి సార్?" అని తస్లీమా ఓబుళపతి మాస్టారిని అడిగింది. కదిరికి దగ్గర్లోని ఆ ప్రాథమికోన్నత పాఠశాలకు ఆయన హెడ్మాస్టరు. ఉపాధ్యాయ శిక్షణ చదువుతూ, పాఠాలు చెప్పడం ఆయన దగ్గర నేర్చుకోవడానికి ఆమె నాలుగు నెలల కిందట వచ్చింది. అది ఏప్రిల్ రెండో వారం, ఒంటిపూట బడుల కాలం. మరునాడు కాలేజీ నుంచి లెక్చరర్ వచ్చి ఆమె చివరి పాఠం చూసి మార్కులు వేస్తారు. అందులో తప్పితే ఆ ఏడాది మళ్ళీ చదవాలి.

ప్రశ్నకు కారణముంది. తోటివాళ్ళు నోట్సు చెప్పి రాయిస్తుంటే, ఆమె ఏడో తరగతి చేత ఆవరణలో ఆరడుగుల కర్ర పాతించింది. పావుగంటకోసారి నీడ కొసన ముగ్గుచుక్క పెట్టడం పిల్లల పని. అన్నిటికన్నా పొట్టి నీడ పడేది మిట్టమధ్యాహ్నం, అంటే సరిగ్గా పన్నెండుకు అని ఆమె పాఠం ప్లానులో రాసుకుంది. ఆ రోజు చుక్కలు పెట్టింది హనుమక్క అనే పిల్ల. ఆ పిల్ల పన్నెండుంబావుకు పెట్టిన చుక్క, పన్నెండుకు పెట్టినదానికన్నా కర్రకు దగ్గరగా పడింది. పిల్ల ఎక్కడో పొరబడిందనుకుని, బడి వదిలాక తస్లీమా ఆ చుక్కను చెప్పుతో చెరిపి, ఎడంగా ఇంకోటి పెట్టింది. భోజనం ముగించి కంచం కడుక్కుని వస్తున్న హనుమక్క అది చూసింది. కంచం సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మాస్టారు అంతా విని, "రేపు నువ్వూ వాళ్ళతో పాటు నేల మీద కూర్చో" అన్నాడు.

మరునాడు ఎండకు ఆవరణ పాలు పోసినట్టు తెల్లగా ఉంది. వేపపూత రాలుతోంది. ఒకటో తరగతి గదిలోంచి ఎక్కాలు నిద్రలో వినిపించినట్టు వినిపిస్తున్నాయి. పిల్లలు బోర్లా పడుకుని, చుబుకాలు చేతుల్లో పెట్టుకుని నీడను చూస్తున్నారు. నీడ కదలడం ఎవరికీ కనిపించదు. కాసేపు కన్ను మరల్చి చూస్తే మాత్రం అది అక్కడ ఉండదు. లెక్చరర్ వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ముగ్గు తీసుకో హనుమక్కా" అంది తస్లీమా.

"నాకు రాదు టీచర్. మీరే పెట్టండి."

"నిన్నటి నుంచి అలిగింది టీచర్" అంది పక్కపిల్ల.

"అలగలేదు మే. నేను పెట్టేది, టీచర్ తుడిచేది. రెండు పన్లు ఎందుకని."

లెక్చరర్ పెన్ను ఆగింది. తస్లీమా ముగ్గుడబ్బా తీసుకుని తనే నేల మీద కూర్చుని, పన్నెండు కాగానే చుక్క పెట్టింది. ఇదే అన్నిటికన్నా పొట్టి నీడ అని చెప్పవలసిన మాట నోటిదాకా వచ్చింది. నీడ మాత్రం ఇంకా లోపలికి జరుగుతోంది, నిద్రలో ఎవరో దుప్పటి దగ్గరకు లాక్కుంటున్నట్టు.

"పన్నెండయిందమ్మా. మీ ప్లానులో ముగింపు ఇక్కడే" అన్నాడు లెక్చరర్.

"ఔను సార్. కానీ నీడ తగ్గుతూనే ఉంది." ఆమె పిల్లల వైపు తిరిగింది. "నిన్న కూడా తగ్గింది. హనుమక్క సరిగ్గానే పెట్టింది. చెరిపింది నేను."

హనుమక్క మెల్లగా వచ్చి పక్కన కూర్చుంది. "ఆ డబ్బా ఇట్లియ్యండి టీచర్. మీవి శానా లావుగా పడతాండాయి."

ఆ తర్వాత నిమిషానికో చుక్క. లెక్చరర్ కుర్చీ వదిలి వచ్చి వంగి చూశాడు. "జరగండి సార్, మీ నీడ పడతాంది" అంది హనుమక్క. ఆయన జరిగి, ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని గొంతుక్కూర్చున్నాడు. పన్నెండుంబావు దాటాక నీడ రెండు మూడు నిమిషాలు నిలిచిపోయినట్టుండి, ఆపైన తూర్పుకు ఒరిగి పెరగసాగింది.

"గడియారం చెడిపోయిందా టీచర్?"

"సూర్యుడే లేటా?"

"మన ఊరికి మాత్రమే లేటా?"

తస్లీమాకు అప్పుడు తెలిసింది. దేశమంతటికీ గడియారం ఒక్కటే. అది కాకినాడ దగ్గరగా పోయే రేఖాంశం మీది సూర్యుణ్ణి బట్టి నడుస్తుంది. కదిరి అక్కడికి బాగా పడమర. ఇక్కడి నడినెత్తికి సూర్యుడు రావాలంటే పన్నెండయ్యాక ఇంకో పదిహేడు నిమిషాలు పడుతుంది. ఈ రెండు ముక్కలు చెబితే మార్కులు వస్తాయి. లెక్చరర్ కూడా అందుకే పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

ఆమె పిల్లల్ని చూసింది. ఒక్కరూ ఆమె వైపు చూడటం లేదు. హనుమక్క చుక్కల మధ్య ఎడం వేళ్ళు వేసి కొలుస్తోంది. మిగిలినవాళ్ళు, కదిరికి లేటయితే తిరుపతికి ఎంతని పోట్లాడుకుంటున్నారు.

"నాకు తెలుసు సార్. ఇప్పుడు చెప్పను" అంది తస్లీమా నెమ్మదిగా.

బడి గంట మోగింది. పోట్లాడుకుంటూనే పిల్లలు భోజనాలకు లేచారు. మాస్టారు వసారాలోకి వచ్చాడు. లెక్చరర్ మోకాళ్ళు దులుపుకుంటూ, "జవాబు చెప్పకుండానే పాఠం ముగించింది మాస్టారూ. నన్నేం రాయమంటారు?" అన్నాడు.

ఓబుళపతి మాస్టారు వెళ్తున్న పిల్లల వైపు చూస్తూ అన్నాడు: "ఇంకో వారానికి బడికి సెలవులు. నలభై తొమ్మిది దినాలు. వాళ్ళను ఒక ప్రశ్నయినా ఇయ్యకుండా ఉత్త చేతులతో ఎట్లా పంపేది?"