గాలి ఆరబెట్టిన బుద్ధాల వారు

ఆలమూరు రోడ్డులో బండ్లకి రంగులు కొట్టే షెడ్డు బుద్ధాల వారిది. అన్న గవర్రాజు, తమ్ముడు పేర్రాజు, గవర్రాజు పెళ్ళాం తాయారమ్మ. "ఊళ్ళో అందరికీ బుర్రలో ఉంటుందేమో బుద్ధి, మాకు ఇంటిపేరులోనే ఉంది" అనేవాడు గవర్రాజు. ఎవరూ కాదనలేదు. కాదంటే కూర్చోబెట్టి రుజువు చేస్తాడు మరి.

ఒకసారి డాక్టరు సుగుణమ్మ గారి అంబులెన్సుకి తెల్లరంగు కొట్టారు. తెల్లారేసరికి బండంతా అమ్మవారు పోసినట్టు పొక్కులు. ఆవిడకి ఒళ్ళు మండింది. "శుక్రవారానికి సరిచెయ్యండి. లేదంటే మీ షెడ్డు మొహం ఊళ్ళో ఎవరూ చూడకుండా చేస్తాను" అంది.

కంప్రెసరు మేస్త్రీ దావీదు వచ్చి చూశాడు. "రంగు చిమ్మే గాలిలో తడి ఉందండీ. రంగుతోపాటు నీళ్ళూ పడుతున్నాయి. గాలిని ఆరబెట్టాలి" అని, మిషను తేవడానికి వెళ్ళాడు.

"ఆరబెట్టడానికి మిషనెందుకే, ఎండ లేదూ?" అన్నాడు గవర్రాజు. అంతే, లారీ ట్యూబుల్లో గాలి నింపి దండెం మీద వేశారు. తాయారమ్మ మధ్యమధ్యలో తిరగేసింది. మిట్టమధ్యాహ్నం ఎండకి ట్యూబులు ఒక్కొక్కటే ఢామ్మన్నాయి.

"బాగా ఎండింది వదినా, పేలాల్లా పేలుతోంది" అన్నాడు పేర్రాజు.

గురువారం దావీదు డ్రయ్యరు మిషను బిగించి, వెళ్తూ వెళ్తూ జాగ్రత్తలు చెప్పాడు. "మిషను గోడకి ఆనకూడదండీ, చుట్టూ గాలి ఆడాలి. గాలిలోంచి లాగిన తడంతా అడుగున చేరుతుంది, రోజూ నీళ్ళు వదలండి. వదల్లేదో, మిషను పోతుంది. ఏదన్నా తేడా వస్తే నాకు ఫోను కొట్టండి. రావులపాలెంలో మా చెల్లి ఇంట్లో భోంచేసి వస్తా."

"గాలి ఒక్కతే ఏం ఆడుతుంది పాపం, జోడీ ఉండాలిగా" అంది తాయారమ్మ. ఇంకేముంది, మిషను పక్కన వైకుంఠపాళి పటం పరిచి, గాలి గొట్టం అటు తిప్పారు. పటం రివ్వున లేచి, మిషను గాలి పీల్చుకునే జల్లెడకి అతుక్కుపోయింది.

"మొదటి ఆటలోనే గెలిచి పటం పట్టుకుపోయింది!" అన్నాడు గవర్రాజు.

జల్లెడ మూసుకుపోయేసరికి మిషను వేడెక్కి మూలగడం మొదలెట్టింది. "అయ్యో, పోయేలా ఉంది! నీళ్ళు వదలమన్నాడుగా!" అంది తాయారమ్మ.

"పోయాక కదా వదిలేది?" అన్నాడు పేర్రాజు.

"ముందే వదలమన్నాడంటే ఎంత ముందుచూపున్న మనిషో!"

అంతే. గవర్రాజు దర్భలు చేతికి చుట్టుకుని, నువ్వులు కలిపిన చెంబెడు నీళ్ళు మిషను నెత్తిన వదిలాడు. టప్పుమంది. మెరుపు, పొగ. మిషను ఆగిపోయింది.

"పోయింది" అని తాయారమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"నీళ్ళు వదిలాక ఇంకా ఉంటుందా? తమ్ముడూ, ఫోను కొట్టు!"

పేర్రాజు పానా తీసుకుని ఫోను కొట్టాడు. అద్దం పగిలింది. "ఆయన పలకట్లేదన్నయ్యా!"

"రావులపాలెం దాకా వినపడాలి, గట్టిగా కొట్టరా!"

దావీదు భోంచేసి తిరిగొచ్చేసరికి ఫోను పొడై ఉంది. మిషను ముందు ముగ్గురూ తలలు వంచుకుని నిలబడ్డారు. అతను నెత్తి బాదుకుని, మిషను విప్పి, తడి తుడిచి, కాలిన వైర్లు మార్చి, సాయంత్రానికి నడిపించాడు. గాలి పొడిగా, హాయిగా వచ్చింది.

"మీకో దండం. ఇంక రంగు సంగతి నా మీద వదిలెయ్యండి" అని గొట్టం బిగించడానికి వంగాడు.

అన్నదమ్ములు మొహామొహాలు చూసుకున్నారు. "ఆయన అడిగాక కాదనడం మర్యాద కాదు" అన్నాడు గవర్రాజు. చెరోపక్కా పట్టుకుని తెల్లరంగు డ్రమ్ము ఎత్తి దావీదు మీద వదిలేశారు. పేర్రాజు పొడిగాలి కొట్టి ఆరబెట్టాడు కూడా.

బండి ఏమైందో చూద్దామని అప్పుడే సుగుణమ్మ గారు అంబులెన్సు డ్రైవర్ని వెంటబెట్టుకుని వచ్చింది. గవర్రాజు గర్వంగా దావీదుని చూపించాడు. "చూసుకోండమ్మా, ఒక్క పొక్కు లేదు!"

దావీదు కనురెప్పలు కూడా ఆడించలేకపోతున్నాడు. ఆవిడ దగ్గరికెళ్ళి చూసింది. "మనిషి ఊపిరాడక పోతాడు! ముందు ఈయన్ని అంబులెన్సు ఎక్కించి ఆస్పత్రికి తీసుకురండి!" అని, అక్కడ అన్నీ సిద్ధం చెయ్యడానికి తన కారులో ముందే వెళ్ళింది.

డ్రైవరు పరుగున సీట్లోకి ఎక్కి బండి స్టార్టు చేశాడు. ఇంకేముంది, పేర్రాజు నిచ్చెన తెచ్చాడు. అంబులెన్సు ఎక్కించి, కప్పు మీద దావీదుని జారిపోకుండా తాళ్ళతో కట్టారు. లోపల మెత్తటి పరుపు మీద బుద్ధాల వారు ముగ్గురూ కూర్చున్నారు.

"డ్రైవరూ, నెమ్మదిగా పోనీ బాబూ" అంది తాయారమ్మ. "పైన మనిషికి కుదుపు తగులుతుంది."