తవిటయ్య చోటు

మన తాతల తాతలకు ఇంకా పాలపళ్లు ఊడని కాలంలో, సముద్రం పక్కన ఇసకపర్రలో ఒక ఊరుండేది. ఆ ఊళ్లో మట్టిగోడలు పెట్టి చుట్టిళ్లు కట్టే తవిటయ్య ఉండేవాడు. ఎప్పుడు చూసినా అలిసిపోయే ఉండేవాడు పాపం. పుట్టడమే అలిసిపోయి పుట్టాడని ఊరివాళ్లు ఆటపట్టించేవాళ్లు.

ఇల్లు కట్టమంటే ముందు గునపం పట్టేవాడు కాదు. ఇంటిల్లిపాదినీ నేలమీద పడుకోమనేవాడు. వాళ్ల చుట్టూ కర్రతో గీత గీసి, పొయ్యికి కాస్త చోటు కలిపి, "ఇంక సాలు" అనేవాడు. ఇల్లంటే అంతే.

ఒక ఏడు వేసవి చివర గాలివాన వచ్చి ఊరంతా ఊడ్చేసింది. తాటితోపులో మిగిలిన ఆకు తలా ఒక చిన్న ఇల్లు కప్పుకోవడానికే సరిపోతుంది. వానలు దగ్గరపడ్డాయి.

అప్పుడు తోపు యజమాని సన్యాసినాయుడు కబురంపాడు. తనకు పన్నెండు బారల ఇల్లు కావాలన్నాడు. అది కప్పితే ఊరికి ఒక్క ఆకు మిగలదు, పసిపిల్లలు వానలో నానుతారు. తవిటయ్యకు ఆ సంగతి తెలుసు. కాదంటే ఊళ్లో పని పుట్టదనీ తెలుసు. ఉసూరుమంటూ వెళ్లాడు.

పన్నెండు బారల గీత గీశాడు. "ఎవరు తొంగుంటారు బాబూ?" అన్నాడు. నాయుడు నవ్వుతూ పడుకున్నాడు. "ఇంకెవరు తొంగుంటారు?" నాయుడి భార్య పక్కన ఒరిగింది. "ఇంకెవరు తొంగుంటారు?" నాయుడి ముసలి తల్లి కర్ర ఊతంగా నడుచుకుంటూ వెళ్లి, తనకని కొడుకు చూపించిన ఆ చివరన పడుకుంది. మిగతా నేలంతా ఖాళీ.

ముసలమ్మ అక్కణ్ణుంచి ఏదో అంది. నాయుడికి వినబడలేదు. లేచి దగ్గరకు వెళ్లాడు.

"ఇక్కడ నాను మూలిగితే నీకు ఇనబడదురా నాయినా," అందామె.

 నాయుడు కాలితో గీత చెరిపేసి, భార్యను పిలిచి, తల్లి పక్కనే పడుకున్నాడు. "ఇప్పుడు గియ్యి," అన్నాడు.

ఆకు ఊరందరికీ వచ్చింది. తవిటయ్య ఒక్కో ఇల్లే కప్పుకుంటూ పోయాడు. నేనొక్కణ్ణే కదా అని తన ఇల్లు ఆఖరికి పెట్టుకున్నాడు. వాన ముందే వచ్చింది. కప్పులేని గోడల మధ్య తడిసి, జ్వరం తగిలి, మూడో రోజున పోయాడు. అన్ని ఇళ్లు కప్పినవాణ్ణి ఒక్కరూ లోపలికి రమ్మనలేదు. ఎవరి చోటు వాళ్లకే సరిపోయిందట. ఆ సిగ్గు ఊరిని చాలా ఏళ్లు తిన్నది.

ఇప్పటికీ అక్కడ ఇల్లు కట్టేముందు అందరూ నేలమీద పడుకుంటారు. గుమ్మం పక్కన ఇంకొక్క మనిషికి చోటు వదిలి, అప్పుడు గీత గీస్తారు. అది తవిటయ్య చోటు. అక్కడ గాదె పెట్టరు, బిందె పెట్టరు. అలిసి వచ్చినవాడు ఎవరైనా సరే, అడగకుండా అక్కడ పడుకోవచ్చు. వాడు నిద్ర లేచేదాకా ఊరూ పేరూ కూడా అడగరు.