గద్దను తన్నిన కాలు

జొన్నచేల ఒడ్డున ఒక గొడ్ల సావిడి, దాని వెనక ఒక పెంటదిబ్బ. మనకది పెంటదిబ్బే గాని కోళ్ళకది పెళ్ళిపందిరి. తెల్లారితే చాలు, దాని మీద ఒకటే సందడి.

ఆ మందకు పెద్ద సింగన్న అనే ముసలి పుంజు. తురాయి సగం చిరిగి ఒక పక్కకు వాలి ఉండేది. ఎప్పుడో గద్ద దిగి పిల్లను ఎత్తుకుపోబోతే సింగన్న ఎగిరి కాలితో ఒక్కటిచ్చాడనీ, గద్ద ఈకలు రాల్చుకుంటూ పోయిందనీ మందంతా చెప్పుకునేది.

గోరింట అనే పడుచు పెట్టకు ఆ కథంటే ప్రాణం. తాత నడిచినట్టే నడిచేది, తాత తల వాల్చినట్టే వాల్చేది. గింజ దొరికితే తాను తినకుండా "కుక్ కుక్ కుక్" అని అందరినీ పిలవడం తాతకు అలవాటు. గోరింట కూడా పురుగు కనబడితే అలాగే పిలిచేది. తీరా అందరూ వచ్చి తిని పోయాక తనకు మిగిలేది దుమ్మే!

"తాతా, నాకు ఆ తన్ను నేర్పవూ?"

"నేర్పుతాలేవే. ముందు ఆ మూల కెలుకు."

"రోజూ కెలకడమేనా?"

"దేవుడు కాళ్ళిచ్చింది అందుకే మరి."

పక్కనున్న బొల్లిపెట్ట కిసుక్కున నవ్వింది. "గద్దొస్తే నీ రెక్క కిందకే వస్తాం గోరింటా, కాస్త చోటుంచమ్మా!"

గోరింటకు ఉక్రోషం వచ్చింది. విసవిసా ముళ్ళకంచె దాకా పోయి నిలబడింది. కంచె అవతల ఆముదపు చేను. ఆ చేలో నక్క ఎప్పటినుంచో చెవులు నిక్కబొడుచుకుని ఇదంతా వింటోంది.

"ఏమ్మా కోడలా, ముక్కు వేలాడేశావు?"

"నువ్వు నక్కవి. నీతో మాట్లాడొద్దన్నారు."

"అనరా మరి! మాట్లాడితే మీ తాత గుట్టు బయటపడదూ? ఆయన గద్దను కొట్టిన రోజు నేనిక్కడే ఉన్నా. ఆ కాలికి బలం ఎక్కడిదనుకున్నావ్? ఈ చేలో ఒకచోట వీరగింజలుంటాయి. చడీచప్పుడు లేకుండా ఒంటరిగా వచ్చి తినిపోయాడు. పదిమందికి పంచితే బలం పది ముక్కలైపోదూ?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఇంకో వీరురాలు తయారవుతుంది గదా. ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా తల్లీ?"

"నువ్వెందుకు చెబుతున్నావు మరి?"

"పెద్దదాన్నైపోయా. కాస్త పుణ్యం మూటగట్టుకోవద్దూ? నేనుంటే నీకు భయమేమో, అదిగో, ఆ గట్టు దాటి పోతున్నా."

నక్క గట్టు దాటడం గోరింట కళ్ళారా చూసింది. చుట్టూ తిరిగొచ్చి పొద వెనక పడుకోవడం మాత్రం చూడలేదు. కంచె సందులోంచి దూరి ఆముదపు చెట్ల మధ్యకు పోయింది. నిజమే! పచ్చటి ఆకు మీద ముత్యాల్లాంటి జొన్నలు కుప్పగా ఉన్నాయి.

గోరింట ముక్కు వంచింది. ఏం చిత్రమో, ముక్కు గింజను తాకేలోగానే గొంతు పలికేసింది.

"కుక్ కుక్ కుక్!"

నోరు మూసుకుందామనుకుంది. రోజూ పిలిచిన గొంతు చెబితే ఆగుతుందా? ఇంకా గట్టిగా "కుక్ కుక్ కుక్" అంది.

పొద వెనక నక్కకు గుండె జారింది. "నోర్ముయ్యవే పిచ్చిమొహమా! ఒంటరిగా తినమన్నానా లేదా?" అని అరిచింది. అరిచాక గాని తాను అరిచానని తెలియలేదు దానికి.

అప్పటికే బొల్లిపెట్టతో సహా మందంతా రెక్కలు చరుచుకుంటూ కంచె దూరి వచ్చేసింది. కోళ్ళన్నీ ఒక్క పెట్టున పరిగెడితే కాపలా కుక్క కర్రోడు పడుకునుంటాడా? ఒక్క దూకు దూకాడు. నక్క ముళ్ళపొదలకు అడ్డంపడి పారిపోయింది. తోక మీది బొచ్చు సగం ముళ్ళకు, సగం కర్రోడి నోట్లో మిగిలింది. వంద గొడ్లను తిన్న రాబందు ఒక్క గాలివానకు పోయినట్టయింది దాని పని.

మంద హాయిగా జొన్నల మీద పడింది. గోరింట మాత్రం గింజ ముట్టకుండా నిలబడింది. అందరికన్నా ఆఖరున, మెల్లగా సింగన్న వచ్చాడు.

"తాతా, భయమేసింది. తన్నాలన్న మాటే గుర్తు రాలేదు."

"ఆ రోజు నాకూ భయమేసిందే," అన్నాడు సింగన్న.

"అదేంటి! గద్దను నువ్వే కదా తన్నింది?"

"తన్నాను. తగిల్తే గదా! నా తురాయి చిరిగింది అప్పుడే. అంతకు ముందే ఒక వానపాము దొరికితే అందరినీ పిలిచా. వచ్చిన మీ అమ్మమ్మలూ నాయనమ్మలూ ఒక్కసారిగా మీదపడేసరికి గద్ద బెదిరి పిల్లను వదిలేసింది. చెప్పుకునేవాళ్ళకు అన్ని పేర్లు గుర్తుండవుగా, నా పేరొక్కటి పట్టుకున్నారు."

గోరింట తాతను చాలాసేపు చూసింది. చిరిగిన తురాయి, వంగిన కాళ్ళు. అయినా ఎందుకో నిన్నటికన్నా ఇంకాస్త పొడుగ్గా కనబడ్డాడు.

"గింజలైపోతున్నాయే, తిను," అన్నాడు సింగన్న.

"నీకుంచాం లేవే!" అని అరిచింది బొల్లిపెట్ట, ముక్కుతో నాలుగు జొన్నలు ఇటు తోస్తూ.

మనం మెచ్చినవాళ్ళు ఒక్కనాడు చేసిన ఘనకార్యం కథగా మిగులుతుంది, రోజూ చేసే చిన్నపనే మనకు వంటబట్టి కాపాడుతుంది.