డొక్కు కార్ల పందెం

రంగాపురం జమీందారు పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా ఆగకుండా తిరిగే కార్ల పందెం పెట్టాడు. పాత డొక్కు కార్లే రావాలి. గెలిచినవాడికి పట్నానికి బస్సు నడుపుకునే హక్కు. ఆ హక్కు కూడా తనకే దక్కాలని, కొత్త కారుకి బురద పూయించి తెచ్చాడా మహానుభావుడు.

జట్కా తోలే గవరయ్య పాడుబడ్డ కారొకటి కొని, ఆర్నెల్లు అవస్థపడి బాగుచేసి తెచ్చాడు.

"ఇది కారా, కోళ్ళగూడా?" అన్నాడు జమీందారు.

"మరి తమరిదో, దొరా?"

"నాదీ డొక్కే! నీదానికన్నా అధ్వాన్నం. నడిపేవాడిలో ఉండాలిరా గొప్పతనం!"

"అయితే మార్చుకుందాం బాబూ. మంచిదాన్ని తమరు నడపండి, అధ్వాన్నందానితో నేను తంటాలు పడతాను."

జనం గొల్లుమన్నారు. కాదంటే కొత్తదని ఒప్పుకున్నట్టే, అవునంటే కారు పోయినట్టే. జమీందారు నడుం పట్టుకుని, "నొప్పిగా ఉంది, పందెం మీరే కానివ్వండి," అంటూ జారుకున్నాడు.

మిగతా కార్లు మధ్యాహ్నానికే మొరాయించాయి. గవరయ్యది పొద్దుగూకేదాకా తిరిగి, బస్సు హక్కు తెచ్చిపెట్టింది.