అత్తిపత్తి దారి

ఇప్పుడంటే మూడు మెట్లెక్కితే ఆయాసం గానీ, ఆ రోజుల్లో నేను దగ్గితే కొండ మీది పులి దారి మార్చుకునేది. అంతటివాడికి మా గురువు సన్యాసయ్యగారు మూడేళ్లయినా మంత్రం చెప్పలేదు. నా వెనక వచ్చినవాళ్లు చెవిలో ఉపదేశం పొంది వెళ్లిపోయారు. నాకు మిరియాల పాదులకు నీళ్లు మొయ్యడమే మిగిలింది.

ఒకరోజు పొద్దెక్కాక అడిగేశాను. "ఒంటికాలి మీద నిలబడనా స్వామీ? నెలా? రెండు నెలలా?"

"అంత కష్టం నీకెందుకురా గవర్రాజూ! నాతో జలపాతం దాకా నడు. నీళ్ల మీద ఎండ ఉండగా చేరితే అక్కడే చెబుతాను."

నవ్వొచ్చింది నాకు. రెండు కొండల నడుమ జలపాతం. మధ్యాహ్నం దాటితే అక్కడ నీడే. అయితేనేం, అరగంట నడక! చంటిపిల్లల తల్లులు కబుర్లాడుకుంటూ వెళ్లొచ్చే దారి. పనసచెట్లకు పాకిన మిరియాల తీగలు, అనాస మడులు, నారింజ పూల వాసన. ఏ నారింజ ఒలిచినా ఆ లోయ ఇప్పటికీ నా ఇంట్లోకి వచ్చేస్తుంది.

నాలుగు అంగల్లో సగం తోట దాటేశాను. నా కాలు తగిలి దారి పక్క అత్తిపత్తి ఆకులన్నీ టపటపా ముడుచుకున్నాయి.

వెనక గురువుగారు నేల మీద చతికిలబడ్డారు.

"కాళ్లు నొప్పా స్వామీ? ఒంటిచేత్తో ఎత్తుకుపోనా?"

"నన్నెందుకు ఎత్తడం? ఆకులు ముడుచుకునేలా చేసింది నువ్వు. విచ్చుకునేదాకా కూర్చో."

తోటలో ఆయన పెట్టిన కట్టుబాటు అది. ఆయన లేనప్పుడు నేనెప్పుడూ పాటించలేదు.

ఆకులు విచ్చుకున్నాయి. లేచాం. పది అడుగులకే మళ్లీ తగిలింది. మళ్లీ కూర్చున్నాం. అలా వందసార్లు! సరే, ఆరుసార్లు. ఏడోసారి ఒళ్లు మండి, ఏనుగంత పొదను ఒక్క గెంతులో దాటాను. సరిగ్గా దాని అవతలి పొద నడిమధ్యలో పడ్డాను.

గురువుగారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. "బాగుందిరా! ఇప్పుడు రెండు పొదలకు కూర్చో."

జలపాతం హోరు వినబడుతోంది. కొండ మీద ఎండ మెల్లగా పైకి పాకిపోయింది; నీళ్ల మీద ఇక నీడే. మూడేళ్లు! నాకు ఏడుపొచ్చింది. ఎటు చూడాలో తెలియక ఆకుల వంక చూస్తూ ఉండిపోయాను. ఒక ఈనె కదిలింది. ఒక రెక్క విడింది. దాని పక్కది ఇంకా ఆలోచిస్తోంది.

ఎంతసేపైందో తెలీదు.

"లేరా, చీకటి పడుతోంది. వెనక్కి పోదాం," అన్నారు గురువుగారు.

"ఉండండి స్వామీ," అన్నాను. "ఇంకా రెండాకులున్నాయి."

ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నారు. కాసేపటికి నా చెవి దగ్గరకు వంగారు.

లోకంలో నేను చెప్పుకోని సంగతంటూ లేదు. ఆ ఒక్క మాట తప్ప.