గురువారం, పుష్యమి, నాంచారమ్మ అంకె

మణిమేడ అనే ఒకానొక రాజ్యాన్ని ఉద్దండభూపతి అనే రాజు ఏలుతుండేవాడు. మనిషి చెడ్డవాడు కాడు గాని, లెక్కల్లో తనను మించినవాడు భూమ్మీద లేడని ఆయనకు గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని కాదన్న పండితులు ఇద్దరు ఊరు విడిచి పోవలసి వచ్చింది కూడా.

చేతిపనుల వాళ్ళకు ఖజానా నుంచి అప్పులిచ్చే ఆచారం ఆ రాజ్యంలో ఉండేది. ఎవరిని నమ్మవచ్చో తేల్చడానికి రాజు తానే ఒక పద్ధతి కనిపెట్టి, దానికి 'పరపతి అంకె' అని పేరు పెట్టాడు. అందులో అయిదు గళ్ళు. గడువుకు కడుతున్నారా, ఇచ్చిన పరిమితిలో ఎంత వాడుకున్నారు, ఖాతా ఎంత పాతది, ఎన్ని ఖాతాలున్నాయి, ఈమధ్య కొత్త అప్పు కోసం ఎన్నిసార్లు అడిగారు. గడికి ఇరవై చొప్పున మొత్తం వంద. యాభైకి తగ్గిందా, కొత్త అప్పు పుట్టదు సరిగదా, ఉన్న బాకీ అంతా మూడు రోజుల్లో కట్టాలి. కట్టకపోతే పనిముట్లు వేలం.

"మనిషి ముఖం చూడొద్దు, అంకె చూడండి," అని గుమస్తాలకు రాజాజ్ఞ.

ఒకనాడు నాంచారమ్మ అనే అద్దకం పనిచేసే ఆమె సభకు వచ్చి నిలబడింది. మోచేతుల దాకా ఎర్ర రంగు మరకలు.

"ప్రభూ, నా రంగు బానలకు భటులు ముద్రలు వేశారు. రేపు మధ్యాహ్నం వేలమట. పదకొండేళ్ళలో ఒక్క గడువు తప్పినదాన్ని కాదు. నేను చేసిన తప్పేమిటో చెప్పండి."

గుమస్తా లెక్కల కవిలె తిప్పి, "నలభై రెండు," అన్నాడు.

"అంకె చెప్పింది కదా. ఇక నేను చెప్పేదేముంది?" అన్నాడు రాజు.

ఆమె కళ్ళు తుడుచుకోలేదు. దండం పెట్టి వెనక్కి తిరిగింది. అప్పుడు ఆస్థాన విదూషకుడు ఓబళయ్య లేచాడు.

"ఆగమ్మా. నిరుడు నీ అంకె ఎంత?"

"డెబ్భై ఎనిమిది, అయ్యగారూ."

"ఈ ఏడు ఏం చేశావు?"

"నా చేతి గాజులు అమ్మి పాత ఖాతా బాకీ అణాపైసలతో తీర్చి, ఖాతా మూయించాను. పెద్ద బరువు దిగిందనుకున్నాను. తరవాత వరదొచ్చి ఆరేసిన బట్టలన్నీ కొట్టుకుపోయాయి. అప్పు కోసం మూడు ఖజానా కచేరీలు తిరిగాను."

ఓబళయ్య రాజు వైపు తిరిగాడు. "ప్రభూ, అప్పు తీర్చినందుకు పరపతి పడిపోయింది. తమ పద్ధతిలో ఎక్కడో ముడి పడింది."

రాజు ముఖం జేవురించింది.

"నా లెక్కకు వంక పెడతావా? రేపు వేలం వేళలోగా ఆ ముడేదో విప్పి చూపించు. చూపించలేకపోతే ఆవిడ బానలతో పాటు నీ ఇల్లూ వేలం వేయిస్తాను. నువ్వు పెళ్ళాం బిడ్డలతో పొలిమేర దాటాలి."

మర్నాడు సభ కిటకిటలాడింది. రాజకుమార్తెను కోడలుగా చేసుకోబోయే పొరుగు రాజుగారి మంత్రి ముహూర్తం కోసం వచ్చి కూర్చున్నాడు. పురోహితుడు విస్సావధానులు పంచాంగం విప్పబోతుండగా ఓబళయ్య ఒక తాటాకు పట్టుకుని ముందుకొచ్చాడు.

"ప్రభూ, పంచాంగానికీ అయిదు అంగాలే. తమ పద్ధతినే పట్టుకుని, అంగానికి ఇరవై చొప్పున లెక్కగట్టి పెళ్ళి ముహూర్తం తెచ్చాను. తొంభై ఆరు వచ్చింది."

తన పద్ధతి పేరు వినేసరికి రాజు మెత్తబడ్డాడు. "చదువు."

"వారం గురువారం. అన్నిటా శుభమైనది, ఇరవై. నక్షత్రం పుష్యమి. మహా మంచిది, ఇరవై. తిథి, యోగం, కరణం మూడూ కలిపి యాభై ఆరు."

"భేష్! ముద్ర తీసుకురండి!"

రాజముద్రిక లక్క మీదికి దిగుతుండగా విస్సావధానులు కేకవేశాడు. "మహారాజా, ఆగండి! గురువారంతో పుష్యమి కలిస్తే పెళ్ళికి నిషేధం! అమ్మాయిగారి కాపురం ఏం కావాలి?"

పొరుగు మంత్రి దిగ్గున లేచి నిలబడ్డాడు. రాజు చేతిలో ముద్రిక స్థానంలో కత్తి కనబడింది.

"ద్రోహీ! నా కూతురి పెళ్ళితో పరాచికాలా?"

కత్తిమొన కంఠానికి జానెడు దూరంలో ఉంది. వేలం గంట మోగడానికి ఇంకెంతో సేపు లేదు. ఓబళయ్య కదలలేదు.

"నరకండి ప్రభూ, కానీ అవధానులుగారిని ఒక్క మాట అడగనివ్వండి. స్వామీ, గురువారం చెడ్డదా?"

"కాదు."

"పుష్యమి?"

"అదీ కాదు. రెండూ కలవడంలో ఉంది దోషం!"

"నేను కలిపి చూడలేదు ప్రభూ. విడివిడిగా చూసి మొత్తం వేశాను. తమ గుమస్తా నాంచారమ్మ విషయంలో చేసిందీ అదే." ఓబళయ్య వేళ్ళు మడిచి చెప్పసాగాడు. "ఆమెకు నూరేసి వరహాల పరిమితితో రెండు ఖాతాలుండేవి. కొత్తదాంట్లో ఎనభై వాడుకుంది. పాత బాకీ తీర్చాక అది రెండువందల్లో ఎనభై. పాత ఖాతా మూసేసరికి అదే ఎనభై నూటిలో ఎనభై అయింది. అప్పు ఒక్క వరహా పెరగలేదు! పదకొండేళ్ళ ఖాతా పోయి ఏడాది ఖాతా మిగిలింది. రెండు ఖాతాలు ఒకటయ్యాయి. చేసింది ఒక్క మంచి పని, దెబ్బ తగిలింది మూడు గళ్ళకు. వచ్చింది ఒక్క వరద, దానికోసం మూడుసార్లు అడిగిందని మరో గడి పోయింది. గళ్ళు ఒకదాన్నొకటి లాగుతాయి ప్రభూ. కూడేవాడికి అది కనబడదు."

రాజు బలపం తెప్పించుకుని పలక మీద తానే లెక్క వేశాడు. చెరిపి మళ్ళీ వేశాడు. బయట గంట మోగింది. నాంచారమ్మ స్తంభాన్ని పట్టుకుని కళ్ళు మూసుకుంది.

రాజు పలక పక్కన పెట్టాడు. పెదవులు బిగించాడు. ఆ బిగువు నిలవలేదు, పకపకా నవ్వేశాడు.

"ఓరి నీ అసాధ్యం కూలా! లెక్క నేర్పడానికి నా కత్తికే మెడ ఒడ్డావుట్రా! వేలం ఆపండి! నాంచారమ్మ అడిగిన అప్పు ఇప్పించండి! ఇకమీదట అంకె తగ్గితే ఎందుకు తగ్గిందో మనిషిని అడిగి అంకె కింద రాయందే ఏ గుమస్తా ఆజ్ఞ ఇవ్వకూడదు. ఓబళయ్యకు నూరు వరహాలు!"

"ఇనామా ప్రభూ, అప్పా?"

"ఇనామేరా!"

"బతికించారు. అప్పయితే ఇప్పుడడిగింది కూడా నా గడిలో వేస్తారేమోనని."

ఈసారి పొరుగు మంత్రి కూడా నవ్వాడు. విస్సావధానులు దోషం లేని మరో రోజు చూసి పెట్టాడు. నాంచారమ్మ మాత్రం నవ్వడానికి నిలవలేదు. వరద తరవాత అడిగిన అప్పు కొంగున ముడివేసుకుని, భటుల కంటే ముందే ఇల్లు చేరి, బానల మీది ముద్రలు తన గోళ్ళతోనే గీకి తీసింది. ఆ సాయంత్రం పొయ్యి రాజేసి రంగునీళ్ళు కాచింది.