పదేళ్ళుగా ఓడలేదు

వేలాపురాన్ని ఏలే మాధవదేవుడికి ఓ ఉదయం ఫలహారం ముందు కూర్చోగానే ఓడెక్కాలని ముచ్చట పుట్టింది. రాజుల ముచ్చట్లకు కారణాలు అక్కర్లేదు. సముద్రం కోట పక్కనే ఉంది. తనకు పన్నెండు యుద్ధపు ఓడలున్నాయని పదేళ్ళుగా వింటున్నాడు. ఒక్కదాని మీదా కాలు పెట్టిన పాపాన పోలేదు.

నౌకాదళాధిపతి పెద్దిరాజును పిలిపించి ఆ మాట చెప్పాడు. పెద్దిరాజు మీసం దువ్వుకుని, ఓడలెక్కడున్నాయో చెప్పడం రాజ్యరక్షణకే ముప్పన్నాడు. ఏలినవారు చూస్తే పరివారం చూస్తుందట, పరివారం చూస్తే ఊరు చూస్తుందట, ఊరు చూశాక శత్రువు చూడ్డం ఎంతసేపట. అక్కడితో ఆగినా బాగుండేది. ఈ పన్నెండూ చాలవు, ఇంకో పన్నెండు కట్టాలి, అందుకు నిమ్మలపాలెం ఇసుకతిన్నె మొత్తం సైన్యానికి రాసివ్వాలి అని కూడా అడిగాడు.

రాజుగారు మెత్తని మనిషి. రక్షణ అన్న మాట వింటే నోరు పెగలదు. సభ ఒప్పుకుంటే సరేనన్నాడు.

వేలాపురంలో అదో ఆచారం. సైన్యానికి పెట్టే ఖర్చయినా, ఇచ్చే నేలయినా పదహారుమంది పెద్దల సభ ఒప్పుకోవాలి. అక్కడ నోటిమాట చెల్లదు. అడిగేవాడు సొంత చేత్తో తాటాకు మీద రాసి ముద్ర వెయ్యాలి, సభ చదువరి దాన్ని పైకి చదవాలి. ఆకు మీద ఉన్నదే సాక్ష్యం. దానికి రాసినవాడే జవాబు చెప్పుకోవాలి.

ఆ చదువరి లక్కన. పుట్టింది నిమ్మలపాలెంలోనే. తల్లి పోలమ్మ ఇప్పటికీ ఆ ఇసుక మీదే చేపలెండబెట్టి బతుకుతోంది. లక్కన ఎదురుపడినప్పుడల్లా పెద్దిరాజు ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకునేవాడు. ఆ ఎగతాళి లక్కనకు అలవాటైపోయింది. కానీ ఇసుకతిన్నె పోతుందన్న మాట అలా సరిపెట్టుకునేది కాదు. అది పోతే పాలెం మొత్తం మూటా ముల్లె సర్దుకోవాల్సిందే.

మధ్యాహ్నం తల్లి దగ్గరకు పరిగెత్తాడు. పోలమ్మ ఏడవలేదు. ఎండుచేపలు తిరగేస్తూ వేరే సంగతి ఎత్తింది.

"ఒరే లక్కన్నా, ఆ దండనాథుడు పెద్దిరాజు టేకు బళ్ళు మన దారినే ఉప్పు తోలతన్నాయి గదా. ఎప్పుడైనా వాసన చూసేవా? ఒక్కోదానికీ గుగ్గిలం వాసనరా. బండికి గుగ్గిలం ఎవుడు పూస్తాడు?"

ఎవడూ పూయడు. అతుకుల్లోంచి నీళ్ళు దిగకుండా ఓడలకు పూసేది గుగ్గిలం. లక్కనకు ఓడలెక్కడికి పోయాయో తెలిసిపోయింది. తెలిసి ఏం లాభం? వాసనను సభలో చదవడం ఎలా? ఓడలు చూపించమంటే పెద్దిరాజు మళ్ళీ రక్షణ రహస్యం అంటాడు.

మర్నాడు రాజుగారు కూడా కూర్చున్న సభకు పెద్దిరాజు ఆ బళ్ళలోనే ఒకటెక్కి దర్జాగా వచ్చాడు. ఎప్పటిలాగే తనకిష్టమైన మాటతో మొదలెట్టాడు.

"పెద్దిరాజు ఏలుబడిలో పదేళ్ళుగా ఓడలేదు."

అబద్ధమేమీ కాదు. పదేళ్ళుగా యుద్ధమే రాలేదు మరి.

ఆ మాట వెయ్యోసారి విన్న లక్కన బుర్రలో మెరుపు మెరిసింది. లేచి వంగి దండం పెట్టాడు. ఇంత గొప్ప మాట ఏటేటా గాలికి పోతోందని వాపోయాడు. దండనాథులవారు తమ చేత్తో రాసి ముద్ర వేస్తే అర్జీకి ముందు అదే చదువుతానన్నాడు. తర్వాత రేవులో రాతి మీద చెక్కించవచ్చన్నాడు. పెద్దిరాజు పొంగిపోయి, ముక్కుకు అడ్డం పెట్టుకున్న ఉత్తరీయం తీసి గంటం అందుకున్నాడు. తాటాకు మీద మాటకూ మాటకూ మధ్య ఎడం వదిలే అలవాటు ఎవరికీ లేదు. అతనూ వదల్లేదు. రాసి, ముద్ర కొట్టి ఇచ్చాడు.

లక్కన గొంతు సవరించుకున్నాడు.

"పెద్దిరాజు ఏలుబడిలో పదేళ్ళుగా ఓడ" అని ఆగి, తీరిగ్గా ఊపిరి పీల్చుకుని, "లేదు" అన్నాడు.

సభ ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత ఓ మూల నుంచి కిసుక్కుమని నవ్వు వినిపించింది. పెద్దిరాజు మండిపడ్డాడు. అది కలిపి చదవాలన్నాడు, ఓడిపోలేదని దాని అర్థమన్నాడు. ఆకు మీద ఎడం లేదు కాబట్టి ఎలా చదివినా చెల్లుతుందని లక్కన వినయంగా మనవి చేశాడు.

"ఓడ ఉంటే కలిపి చదువుతాను. లేకపోతే విడదీసి చదువుతాను."

సభలో పెద్దవాడు ఆకు తీసుకుని చూసి, రాసినవాడు జవాబు చెప్పాల్సిందేనన్నాడు. పెద్దిరాజు రక్షణ రహస్యమని నసిగాడు.

"పన్నెండూ వద్దు దండనాథా. ఒక్కటి, రాజుగారొక్కరికే చూపించండి. మేమంతా కళ్ళు మూసుకుంటాం. మిగతా పదకొండూ రహస్యంగానే ఉంటాయి" అన్నాడు లక్కన.

పెద్దిరాజు మీసాలు కిందికి వాలిపోయాయి. రాజుగారికి మొదటిసారి నోరు పెగిలింది.

"పెద్దిరాజూ, నా ఓడలేవి?"

లక్కనే చెప్పాడు.

"ఒకటి గుమ్మంలోనే ఉంది ప్రభూ, ఎడ్లు కట్టి. ఓడలు బళ్ళవుతాయని పెద్దలు ఊరికే అన్నారు. దండనాథులవారు చేసి చూపించారు."

రాజుగారు స్వయంగా గుమ్మంలోకి వెళ్ళి, బండి పలకకు ముక్కు ఆనించి వాసన చూశాడు. పదేళ్ళ గుగ్గిలం గుప్పున కొట్టింది. ఆయన పగలబడి నవ్వాడు. ఆయన వెనకే పదహారుమంది పెద్దలూ కడుపులు పట్టుకున్నారు.

అక్కడికక్కడే పెద్దిరాజు పదవి ఊడింది. ఇసుకతిన్నె పాలెం వాళ్ళదేనని ఆకు మీద రాసి ముద్ర వేశారు. బళ్ళన్నీ పాలెం వాళ్ళకే ఇప్పించారు. లక్కన వేలికి రాజుగారు తన ఉంగరం తొడిగి, ఓడెక్కాలని ముచ్చట పడ్డందుకు ఈ బండైనా దక్కిందంటూ దాన్నెక్కి నిమ్మలపాలెం పోనిమ్మన్నాడు.

పోలమ్మ ఎదురొచ్చి, ముందు ఎడ్లను నిమిరి, తర్వాత బండిని వాసన చూసి, అప్పుడు రాజుగారి వైపు తిరిగింది.

"తమరు ఓడ దిగితే, బాబూ, చేపలెక్కించుకుంటాం."